పులిచారల మేపుల్‌కి అద్దకం: గిటార్ పైచెక్కలో వెలుగు చావకుండా

గిటార్ పైచెక్కకు వాడే ఫ్లేమ్ మేపుల్ (అడ్డచారల మేపుల్) పలకను కిటికీ దగ్గర పట్టుకుని కాస్త వంచి చూస్తే, అప్పటిదాకా ముదురుగా ఉన్న చార తెల్లబడుతుంది, దాని పక్క చార ముదురుతుంది. పట్టుచీర కుచ్చిళ్లు కదిలినప్పుడు మెరుపు జారినట్టే ఉంటుంది. అంటే ఆ చారలు రంగు కావు. చెక్క రంగు దాదాపు అంతటా ఒకటే, మారేది నార వాలు. అలలుగా పెరిగిన నారను రంపం తిన్నగా కోసినప్పుడు, కొన్నిచోట్ల నార పడుకుని ఉంటుంది, కొన్నిచోట్ల ఏటవాలుగా తెగుతుంది. పడుకున్న నార వెలుగును తిప్పికొడుతుంది. తెగిన నార కొసలు సన్నని గొట్టాల మూతుల్లా తెరుచుకుని వెలుగును లోపలికి మింగేస్తాయి. రంగునీళ్లనూ అలాగే మింగుతాయి. గిటార్ పైచెక్కకు అద్దకం అనే పని అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. నార ఎక్కువ తాగేచోట ఎక్కువ, తక్కువ తాగేచోట తక్కువ రంగు నిలవాలి. అయితే ఆ తేడాను మరీ పెంచితే చెక్క కదలడం మానేస్తుంది. ఎటు వంచినా నల్ల చార నల్లగానే ఉండిపోతుంది, మేపుల్ మీద మేపుల్ బొమ్మ అచ్చు వేసినట్టు. చేతిపని గిటార్లలో కనిపించే అద్దకపు లోపాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, ఎక్కువగా మెప్పు పొందేదీ ఇదే. ఫొటోలో అది అదిరిపోతుంది మరి.

గిటార్లకు వాడే అలల చెక్కలన్నీ ఒకలా రంగు తాగవు. అడ్డంగా చారలు పడే ఫ్లేమ్‌ను క్వార్టర్ కోతలో, అంటే వలయాలు పలక ముఖానికి నిలువుగా ఉండేలా, తీస్తేనే చారలు తిన్నగా, దట్టంగా వస్తాయి. బుడగలు బుడగలుగా కనిపించే క్విల్ట్ దీనికి తలకిందులు: వలయాలు పలక ముఖం వెంట పడుకుని ఉండే ఫ్లాట్ కోతలోనే తేలుతుంది. అమెరికా పసిఫిక్ తీరంలో పెరిగే బిగ్‌లీఫ్ మేపుల్‌లో ఇది ఎక్కువ. బిగ్‌లీఫ్ మెత్తన, కాబట్టి రంగు తొందరగా, లోతుగా పోతుంది. తూర్పు అమెరికా హార్డ్ మేపుల్ గట్టిది, అదే రంగునీళ్లు దాని మీద ఒక మెట్టు లేతగా కనిపిస్తాయి. అందుకే ఒక గిటార్‌కి కుదిరిన పాళ్లను ఇంకో పలకకు కళ్లు మూసుకుని వాడకూడదు.

ఇక రంగు సంగతి. పెయింటు దుకాణంలో "వుడ్ స్టెయిన్" అని అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది పిగ్మెంటు, అంటే నూనెలోనో, రంగును పట్టి ఉంచే బైండర్‌లోనో తేలే రంగు పొడి. టేకులాంటి పెద్ద రంధ్రాల చెక్కలో అది రంధ్రాల్లో కూర్చుని బాగానే ఉంటుంది. మేపుల్ రంధ్రాలు కంటికి ఆనవు. పిగ్మెంటుకు కూర్చోడానికి అక్కడ చోటుండదు, సాండ్‌పేపరు గీతల్లో మాత్రం చక్కగా కూర్చుంటుంది. మిగతాది పైన పొరలా నిలిచి వెలుగును అడ్డుకుంటుంది. కావలసింది డై, అంటే పూర్తిగా కరిగిపోయే అద్దకపు రంగు. విలియం హెన్రీ పెర్కిన్ 1856లో మొదటి ఆనిలిన్ రంగు కనుక్కున్న నాటి నుంచి ఆ పేరే వాడుకలో నిలిచి, ఇప్పటికీ చెక్క పనివాళ్లు అన్ని డైలనూ "ఆనిలిన్" అనే అంటారు. వాడుకలో ఉన్నవి మూడు రకాలు: నీటిలో కరిగే పొడి, స్పిరిట్‌లో కరిగే పొడి, నీటిలోనూ స్పిరిట్‌లోనూ కలిసే మెటల్ కాంప్లెక్స్ (లోహం కలిసిన రంగు) ద్రావణం. మూడోది చిన్న సీసాల్లో గాఢంగా వస్తుంది. ఎండకు తట్టుకోవడంలో మిగతా రెండింటికన్నా మెరుగు. వేటితోనూ శాశ్వతమైన రంగు రాదు, తేడా అంతా ఎన్నాళ్లు ఆగుతుందన్న దాంట్లోనే.

పాళ్లు: గాఢ ద్రావణం అయితే లీటరు నీటికి 30 మిల్లీలీటర్లు నిండు రంగు, అంటే 100 మి.లీ.కి 3 మి.లీ. పొడి అయితే 100 మి.లీ.కి 1 నుంచి 3 గ్రాములు. ఒక గిటార్ పైభాగానికి పూతకు 100 మి.లీ. కలిపితే మిగులుతుంది కూడా. సూది లేని సిరంజితో కొలిచి, సీసాకు అంటించిన టేపు మీద పాళ్లు రాయడం తప్పనిసరి. మధ్యలో అయిపోతే అదే రంగు మళ్లీ కలపడం అంటే, పెళ్లి మధ్యలో పప్పులో నీళ్లు పోసి వడ్డించడమే. నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి, బ్యాటరీల కోసం అమ్మేదైనా సరిపోతుంది. హైదరాబాదులోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల బోరు నీళ్లలో ఉండే సున్నం, ఇనుము కొన్ని డైలతో కలిసి విరిగిపోయి అడుగున మడ్డి కడతాయి. ఆ మడ్డి చెక్క మీద చుక్కలుగా దిగుతుంది. నీళ్లలో 10 శాతం దాకా స్పిరిట్ కలిపితే రంగు పూసలు కట్టకుండా పరుచుకుంటుంది, సమంగా దిగుతుంది.

అద్దకం చెడిపోయిందని చూపించే చెక్కల్లో చాలావాటిలో చెడింది అద్దకం కాదు, అంతకు ముందు పని. అలల మేపుల్‌ని మామూలు చిత్రికతో పడితే ప్రతి అల దగ్గరా నార ఎదురు తిరిగి పెళ్లలు లేస్తుంది. ఎందుకంటే కొన్ని మిల్లీమీటర్లకోసారి వాలు మారుతూనే ఉంటుంది, ఎటు నుంచి పట్టినా సగం చోట్ల ఎదురే. అందుకే పలకను స్టీల్ స్క్రేపరుతో గీకి చదును చేస్తారు, లేదా డ్రమ్ సాండర్‌లో పంపుతారు. స్క్రేపరు నారను శుభ్రంగా తెంపుతుంది, మెరుపు దానితోనే బాగా తేలుతుంది. తర్వాత సాండ్‌పేపరు 120, 150, 180, 220 నంబర్లు వరసగా, ఒక్కటీ దాటవేయకుండా. 120 నుంచి ఎకాఎకి 220కి దూకితే లోతు గీతలు అలాగే ఉండి పై కొసలు మాత్రమే నున్నబడతాయి. కంటికి కనిపించవు గానీ రంగు పడగానే గోళ్లతో గీరినట్టు బయటపడతాయి. గుండ్రంగా తిరిగే మెషీను వాడితే ఒక్క ముతక రేణువు పేపరు కింద చిక్కుకున్నా పందితోక లాంటి సుళ్లు పడతాయి. చివరి విడత చేత్తో, గిటార్ పొడుగు వెంట చేయాల్సిందే. అలాగని 400, 600 దాకా పోయినా నష్టమే. ఉపరితలం తోముడుపడి మూసుకుపోతుంది, రంగు తాగదు. స్టీల్ ఊలు దగ్గరికే రానివ్వకూడదు. దాని తునకలు నారలో ఉండిపోతే నీటి రంగు తగలగానే తుప్పు మచ్చలవుతాయి.

జిగురు ఇంకో శత్రువు. మధ్య అతుకు దగ్గర, అంచు చుట్టూ అంటించే పట్టీ (బైండింగ్) వెంట, కారిన జిగురును తడిగుడ్డతో తుడిచేస్తే అది పోదు, పలచబడి నారలోకి ఇంకుతుంది. ఆరాక కనిపించదు. అద్దకం వేశాక అదే చోట వేలిముద్రంత తెల్లమచ్చ. సూపర్ గ్లూ చుక్క అయితే ఇంకా లోతుకు పోతుంది. దీన్ని ముందే పట్టే ఉపాయం ఉంది: పైచెక్క అంతా మినరల్ టర్పెంటైన్‌తో ఒకసారి తడిపి, పక్కనుంచి లైటు వేసి చూడాలి. నార లేవదు, ఆరిపోతే ఏమీ మిగలదు, తడి ఉన్నంతసేపు జిగురు మచ్చలు లేతగా, గీతలు ముదురుగా కనిపిస్తాయి. కనిపించినచోట పెన్సిల్‌తో మెల్లిగా చుట్టి, ఆరాక స్క్రేపరుతో తీసేయాలి. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటరుతో ఒకసారి తడిపి, కొన్ని గంటలు ఆరనిచ్చి, లేచిన నూగును 320 నంబరుతో రెండు మూడు తేలిక చేతులతో తీసేస్తే, అసలు రంగు పడినప్పుడు మళ్లీ అంతగా లేవదు.

అలలను పైకి లేపే మొదటి పూత అంటే చాలామంది నిండు నలుపు పూస్తారు. నలుపు బదులు ముదురు గోధుమలో కాస్త నలుపు కలిపి, మామూలు గాఢతలో మూడో వంతు నుంచి సగం దాకా, అంటే 100 మి.లీ.కి 1 లేదా 1.5 మి.లీ. పెడితే మేలు. నీలం, బూడిద రంగు గిటార్లకు మాత్రం గోధుమ పనికిరాదు, అక్కడ పలచని నలుపే. అయితే సీసా మీద నలుపు అని రాసి ఉన్నంత మాత్రాన అది నలుపు కాదు. ఒక చుక్క తడి టిష్యూ కాగితం మీద వేసి రెండు నిమిషాలు చూస్తే దాని గుట్టు తెలిసిపోతుంది: అంచుల్లో ఊదా వలయమో ఆకుపచ్చ వలయమో విడిపోతుంది. చాలా నల్ల డైలు రెండు మూడు రంగుల కలయికే. పలచన చేసి, సాండ్‌పేపరుతో తీసేసినప్పుడు ఆ దాగిన రంగే చెక్కలో మిగులుతుంది.

పూసే పద్ధతిలో మర్మమేమీ లేదు, వేగం ఉంది. నూగు రాలని పాత నూలు గుడ్డ ముద్దగా తడిపి, పైచెక్క మొత్తం ఒకేసారి తడిసేలా పూసి, తడి అంచు ఆరకముందే పక్క భాగం కలుపుకుంటూ పోయి, మిగిలినదాన్ని పొడి గుడ్డతో తుడిచేయాలి. నీటి రంగు కొన్ని నిమిషాల టైము ఇస్తుంది. స్పిరిట్ రంగు మన ఎండాకాలంలో అరనిమిషం కూడా ఇవ్వదు, అతుకు గీతలు పడిపోతాయి. చెక్కిన పైభాగం అంచుల్లో, వంపు దిగేచోట, నార తెగి ఉంటుంది కాబట్టి అక్కడ రంగు గబగబా దిగి నల్లటి ఉంగరంలా తయారవుతుంది. దానికి మందు: ఆ అంచులను ముందే మామూలు నీళ్లతో తడపడం, లేదా లీటరు స్పిరిట్‌కి 60 గ్రాముల లెక్కన కరిగించిన పలచని లక్కను ఒక్క తుడుపు తుడిచి ఆరనివ్వడం.

రాత్రంతా ఆరాక, చెక్క బొగ్గుపట్టినట్టు ఏడుపుగొట్టుగా ఉంటుంది. ఆ దశలో భయపడి కడిగేసిన పలకలు కొన్ని ఉంటాయి. చదునైన చిన్న చెక్కముక్క చుట్టూ 220, తర్వాత 320 పేపరు చుట్టి, పొడుగువెంట తోమితే పడుకున్న నార దగ్గర పైపైన ఉన్న రంగు పోయి, తెగిన నార దగ్గర లోపలికి దిగిన రంగు మిగులుతుంది. ఎంతవరకు తోమాలి? లేత చారలు దాదాపు పచ్చి చెక్కలా అయ్యేదాకా, ముదురు చారలు నలుపు వదిలి మసక గోధుమకు వచ్చేదాకా. సందేహంగా ఉంటే మరో పది చేతులు ఎక్కువ తోమడమే మంచిది. టర్పెంటైన్‌తో తడిపి పలకను వంచి చూడాలి: ముదురు చారల్లో కొన్నయినా ఇంకా తెల్లబడుతూ ఉంటే వెలుగు బతికే ఉంది. ఏ కోణంలోనూ మారకపోతే రంగు ఎక్కువైనట్టే. ఇది మందమైన పైచెక్కకు చెప్పే మాట. 0.6 మి.మీ. వెనీర్ (పలచని చెక్క పొర) అంటించిన గిటార్‌ మీద ఇంత తోమితే కింద జిగురు బయటపడుతుంది. దాని మీద వెనక్కి తోమే పద్ధతి మానేసి, ఒక్క పలచని గోధుమ పూతతో సరిపెట్టుకోవాలి. తోమగా వచ్చిన నల్ల దుమ్మును తడిగుడ్డతో తుడవకూడదు, లేత చారల్లోకి ఎక్కుతుంది. గాలితో ఊది, బ్రష్షున్న వాక్యూమ్‌తో లాగేయాలి.

బుక్‌మ్యాచ్ పైచెక్కలో మరో చిక్కు ఉంది. ఒకే పలకను మధ్యకు చీల్చి పుస్తకంలా తెరిచి అతికిస్తారు కాబట్టి, రెండు ముక్కల్లో నార వాలు ఒకదానికొకటి ఎదురు. ఒక వైపు నుంచి చూస్తే ఎడమ సగం ముదురు, గిటార్ తిప్పి చూస్తే కుడి సగం ముదురు. ఇది తెలియక, లేతగా కనిపించే సగానికి మరో పూత వేసి సమం చేయబోతారు. బెంచి దగ్గర నిలబడ్డ చోటి నుంచి సమం అయినట్టే ఉంటుంది. గిటార్ ఎత్తి అవతలి వైపు తిప్పగానే తేడా రెట్టింపై కనిపిస్తుంది, ఆ తర్వాత దాన్ని తీయడం అంటే మొత్తం తోమి మొదటికి రావడమే. రెండు సగాలకూ సరిగ్గా ఒకే రంగు, ఒకే పూతలు పడాలి. మిగతాది వెలుగుకు వదిలేయాలి.

మొదటి పూత మీద అసలు రంగు వేసేటప్పుడు, రెండూ ఒకే ద్రావకంలో కరిగేవైతే పై రంగు కింది దాన్ని కదిలించి లాగుతుంది. గోధుమ మీద నీటి పసుపు పూస్తే పసుపు బురదగా మారేది అందుకే. మొదటి పూత నీటిలో కరిగే పొడితో, పై రంగు స్పిరిట్ రంగుతో వేస్తే ఈ బెడద చాలావరకు ఉండదు. రెండూ మెటల్ కాంప్లెక్స్ ద్రావణాలే అయితే నీటిలోనూ స్పిరిట్‌లోనూ కరుగుతాయి కాబట్టి, పై పూతను ఒక్క చేత్తో పూసి వదిలేయాలి, రుద్దకూడదు. ఆరిన డై ఎప్పుడూ పేలవంగా, సుద్దపొడి చల్లినట్టు ఉంటుంది. అది చూసి కంగారుపడి ఇంకో పూత వేస్తే, లాకర్ (పైన వేసే పారదర్శకమైన మెరుపు పూత) పడ్డాక అనుకున్నదానికన్నా రెండు మెట్లు ముదురవుతుంది. రంగు నిర్ణయించాల్సింది టర్పెంటైన్ తడి మీద, పగటి వెలుగులో. ట్యూబ్‌లైటు కింద కుదిరిన ఎరుపు ఎండలో నారింజగా కనిపించడం మామూలే.

అంచుల నుంచి మధ్యకు లేతబడే బరస్ట్‌కి దారులు రెండు. గుడ్డతో అయితే మొదట అంతటా పసుపు, దాని మీద అంచు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల మేర తేనె రంగు, చివర అంచున ఎరుపు, ప్రతి సరిహద్దునూ ఒట్టి ద్రావకంతో తడిపిన గుడ్డతో మధ్య నుంచి బయటకు లాగి కలపడం. స్ప్రే గన్‌తో అయితే డైని లాకర్‌లోనే ఒకటి రెండు శాతం కలిపి, 15–20 సెంటీమీటర్ల దూరం నుంచి, గన్ మూతి బయటకు వాల్చి కొట్టడం. గన్‌తో నున్నగా వస్తుంది, కానీ అప్పుడు రంగు చెక్కలో లేదు, పొరలో ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు తిరిగే కర్ర మీద రంగు లక్క కరిగించి పట్టించడం ఇలాంటిదే. అక్కడ ఆ పొరే అందం, కింద అంకుడు కర్ర నార కనిపించాలని ఎవరూ అడగరు. గిటార్ మీద అదే పొర నాలుగైదు పూతలైతే అలల మీద ముసుగు పడుతుంది. పైగా పాలిష్ పట్టేటప్పుడు క్లియర్ పొర దాటి ఒక్క చోట కోస్తే రంగు కూడా లేచిపోయి లేత మచ్చ మిగులుతుంది. పసుపును చెక్కకు అద్ది, అంచు నీడను మాత్రమే గన్‌తో కొట్టడం ఈ రెండింటికీ మధ్యేమార్గం. ప్లాస్టిక్ బైండింగ్ ఉంటే దానికి ముందే బ్రష్షుతో క్లియర్ లాకర్ పూసి ఉంచాలి. స్పిరిట్ రంగు పట్టిన ప్లాస్టిక్‌ను గీకినా పూర్తిగా తెల్లబడదు.

నీలం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోజుపడేదీ, ఎక్కువగా దెబ్బతినేదీ దాని దగ్గరే. మేపుల్‌లోనే లేత పసుపు ఉంది. లక్కలో ఉంది, నైట్రోసెల్యులోజ్ లాకర్‌లో ఉంది, నూనెలో ఇంకా ఎక్కువ. నీలం కింద, పైన పసుపు చేరితే ఆకుపచ్చే వస్తుంది. మొదటి రోజు సముద్రంలా ఉన్న పైచెక్క, లాకర్ ముదిరేకొద్దీ నాచు చెరువులా మారుతుంది. నీలంలో అతి కొద్దిగా ఊదా కలిపితే ఆ పసుపు అణుగుతుంది. పైన నీటితో కలిసే యాక్రిలిక్ లాంటి పచ్చబడని క్లియర్ వాడాలి. కాస్టిక్ సోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపే రెండు సీసాల బ్లీచుతో చెక్కను ముందే తెలుపు చేసేవాళ్లూ ఉన్నారు. అది చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టకూడదు.

చివరి ఆరబెట్టుడు తక్కువైతే పైన వేసే ఏ లాకరైనా మబ్బుగా మారుతుంది. నీటి రంగు తర్వాత ఒక పూర్తి రోజు ఆగాలి. తర్వాత రంగును మూసి పట్టే మొదటి పూతను (సీలర్) గన్‌తో పలచగా, దుమ్ము రాలినట్టు కొట్టాలి. స్పిరిట్ రంగు మీద లక్కను బ్రష్షుతోనో గుడ్డతోనో పట్టిస్తే, లక్క కూడా స్పిరిట్‌లోనే కరిగి ఉంటుంది కాబట్టి బరస్ట్ అంతా అలికిపోతుంది. పైన పాలియురిథేన్ వేయదలిస్తే మైనం తీసిన లక్కే వాడాలి, మామూలు లక్కలోని మైనం మీద అది పట్టుగా నిలవదు. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు నైట్రోసెల్యులోజ్ (ఎన్‌సీ) లాకర్ కొడితే పొర పాలలా తెల్లబడుతుంది. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచగా గాలిలోని తేమ దాని మీద చేరడమే కారణం. ఆరడం నెమ్మదించే థిన్నర్ కలపడమో, ఆ రోజుకు గన్ పక్కన పెట్టడమో చేయాలి. మెరుపు లోతు కోసం ముందు అవిసె నూనె పట్టించే పద్ధతీ ఉంది. ఆ గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి మండుకుంటాయి. విడదీసి ఆరేయాలి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచాలి.

రంగు వెలిసిపోవడం గురించి గిటార్ లోకం నేర్చుకున్న పాఠం గిబ్సన్ కంపెనీది. మిషిగన్‌లోని కలమజూ కార్ఖానాలో 1958లో లెస్ పాల్ గిటార్‌కి బంగారు పెయింటు మానేసి, మేపుల్ కనిపించేలా చెర్రీ సన్‌బరస్ట్ మొదలుపెట్టారు. బంగారు పెయింటు కింద అతుకు ఎక్కడున్నా చెల్లేది. ఇప్పుడు చెక్క కనిపిస్తుంది కనుక రెండు ముక్కలూ మధ్య అతుకుతో కలపాల్సి వచ్చింది. ఆ ఎరుపు ఎండకు నిలవలేదు. దుకాణం అద్దాల వెనక వేలాడినవి కొన్నేళ్లలోనే నిమ్మపండు రంగుకో టీ రంగుకో దిగిపోయాయి, పసుపు మాత్రం నిలిచింది. 1960లో ఎరుపును మార్చారు. వింతేమిటంటే, అలా వెలిసిపోయిన వాటినే ఇప్పుడు ఎక్కువ మంది కోరుకుంటారు, కొత్త గిటార్లకు వెలిసిన రంగునే కలిపి అద్దుతారు. వాటిలో కొన్నింటికి పిక్‌గార్డ్ (మీటేటప్పుడు గీతలు పడకుండా బిగించే పలక) విప్పితే, దాని నీడలో ఉన్నంత మేర ఎరుపు పచ్చిగా మిగిలి ఉంటుంది.

అదే పలక నుంచి కోసిన ముక్క మీద, అవే నంబర్ల సాండ్‌పేపరు, అవే పాళ్లు, అదే లాకర్ చివరిదాకా వేసి చూసుకోకుండా అసలు గిటార్ మీద చెయ్యి పెట్టకూడదని ఈ పని తెలిసినవాళ్లంతా చెబుతారు. ఆ ముక్కను పని అయ్యాక పారేయకుండా, వెనక పాళ్లు రాసి, గిటార్ కేసులోని చిన్న అరలో పడేయడం మంచిది. ఎప్పుడో ఒక దెబ్బ తగిలి రంగు సరిచేయాల్సి వచ్చినప్పుడు, మొదట ఏ రంగు అద్దారో ఆ ముక్క చెబుతుంది, ఎంత వెలిసిందో దాన్ని గిటార్ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. కలపాల్సిన రంగు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.